మొదటి అంగుళం లేని టేపు

సభామందిరం వడ్రంగికి నలభై రోజులుగా కంటి మీద కునుకు లేదు. అల్లుడు వంటవాడిగా పనిచేసే సరుకు ఓడ నడిసముద్రంలో ఇరుక్కుపోయింది. ఒకవైపు పెద్ద దేశం యుద్ధనౌక, మరోవైపు ఎదుగుతున్న దేశం యుద్ధనౌక. దారి నాదంటే నాదని రెండూ భీష్మించుకుని కూర్చున్నాయి. ఇంట్లో చూస్తే కూతురికి నెలలు నిండాయి.

చివరికి అధినేతలిద్దరూ ఈ చిన్న దేశంలో కూర్చుని మాట్లాడుకుంటామన్నారు. కుర్చీలు చేసే పని వడ్రంగికి పడింది. రెండింటినీ పద్దెనిమిది అంగుళాల ఎత్తులో, కవలపిల్లల్లా చేసి పెట్టాడు. అదే ఆయన చేసిన పాపం.

"మా కుర్చీ ఒక్క అంగుళమైనా ఎత్తుండాలి మేస్త్రీ. ఎన్నో ఏళ్లుగా పైన కూర్చున్నవాళ్లం," అన్నాడు పెద్ద దేశం అధికారి.

"మాదే ఎత్తుండాలి మేస్త్రీ. ఎన్నో ఏళ్లుగా కింద కూర్చున్నవాళ్లం," అన్నాడు ఎదుగుతున్న దేశం అధికారి.

రెండు రోజుల పాటు కుర్చీల కాళ్లకు చెక్కలు అతికిస్తూనే ఉన్నాడు. కుర్చీలు బల్లను దాటిపోయాయి. ఎక్కడానికి మెట్లు కావాలన్నారు. ఎవరికెన్ని మెట్లన్న దాని మీద ఇంకో పూట గొడవ. ఇలాగైతే మనవడికి మీసాలొచ్చాక వస్తాడు అల్లుడు అనుకునేసరికి వడ్రంగికి ఒళ్లు మండింది. చెక్కలన్నీ ఊడబీకి మళ్లీ పద్దెనిమిదికి దించేశాడు.

మూడో రోజు పొద్దున పెద్ద దేశం అధికారి వచ్చి తమ కుర్చీని కొలిచి చూపించమన్నాడు. వడ్రంగి దగ్గర రెండు టేపులున్నాయి. పాతదాని కొస తెగి మొదటి అంగుళం పోయింది. దాంతో కొలిస్తే వచ్చిన లెక్కలోంచి ఒకటి తీసెయ్యాలి. ఏళ్ల తరబడి తీసేస్తూనే ఉన్న మనిషి, ఆ పూట అల్లుడి ధ్యాసలో మరిచిపోయాడు.

"పంతొమ్మిది," అన్నాడు.

అధికారి టేపు లాక్కుని తనూ చూసుకున్నాడు. పంతొమ్మిదే. టేపు ఆయన చేతిలో ఉండిపోవడంతో, అవతలి కుర్చీని వడ్రంగి కొత్త టేపుతో కొలిచాడు. పద్దెనిమిది.

అధికారి మొహం చేటంతయింది. అప్పుడు గాని వడ్రంగికి తన పొరపాటు తెలిసిరాలేదు. చెప్పబోయి, అల్లుడు గుర్తొచ్చి కొత్త టేపు చుట్టేశాడు. మధ్యాహ్నం రెండో అధికారి వచ్చినప్పుడు మాత్రం, ఆయన కుర్చీని పాత టేపుతో కొలిచి, ఒకటి తీసెయ్యడం గుర్తు పెట్టుకుని మరీ మరిచిపోయాడు.

సాయంత్రం అధినేతలు కూర్చున్నారు. అవతలివాడు తనకంటే కిందున్నాడన్న ధీమాతో ఇద్దరూ ఎంతో దయగా మాట్లాడుకున్నారు. గంటలో తేల్చేశారు, ఓడను వదిలేయాలని, యుద్ధనౌకలు వెనక్కి జరగాలని. తలుపు దగ్గర నిలబడ్డ వడ్రంగికి కళ్లనీళ్లు ఆగలేదు. అక్కడికక్కడే కూతురికి ఫోన్ చేశాడు.

"వచ్చేస్తున్నాడమ్మా మీ ఆయన."

లోపల ఒక్క చిన్న విషయం మిగిలింది. ఎవరి నౌక ఎంత వెనక్కి జరగాలి? మాకంటే మీరు ఒక్క అంగుళమైనా ఎక్కువ జరగాలన్నారు ఇద్దరూ. దాని మీద వారం గడిచింది. మనవడు పుట్టాడు.

"ఆయన ఇంకా ఎంత దూరంలో ఉన్నారు నాన్నా?" అని అడిగింది కూతురు.

వడ్రంగి చేతిలోని పాత టేపు కొసను తడుముకున్నాడు.

"ఒక్క అంగుళమేనమ్మా," అన్నాడు.