పిలవకూడని పందెం

పందెం పెట్టింది మొగుడు. ఒప్పుకున్నది తమ్ముడు. ఆరు రోజులుగా కంటి మీద కునుకు లేనిది మాత్రం అక్కకి.

పందెం చిన్నదే. ఆ ఆరు రోజులూ మొగుడి మెకానిక్ షాపుకి ఎంత బరువైన మోటారుసైకిల్ వచ్చినా తమ్ముడు ఒక్కడే దాన్ని, వెనక చక్రాన్ని పైకి లేపి ఉంచే ప్యాడాక్ స్టాండు ఎక్కించాలి, ఒక్కడే దించాలి. ఎవర్నీ సాయానికి పిలవకూడదు. గట్టెక్కితే పక్కవీధిలో కొత్తగా తీసుకున్న షెడ్డు తాళాలు వాడి చేతికి. పిలిచాడో, ఇక జన్మలో ఆ ఊసెత్తకుండా బావ దగ్గరే పానాలు అందిస్తూ పడుండాలి.

"బండి ఎత్తలేనివాడికి షెడ్డెందుకురా బామ్మర్దీ? పూలకొట్టు పెట్టిస్తాలే, బరువుండదు," అనేవాడు మొగుడు రోజుకోసారి.

తమ్ముడు నవ్వి ఊరుకునేవాడు. వాడికో పద్ధతుంది. సైడ్ స్టాండు కింద చెక్కముక్క పెడితే బండి దాదాపు నిటారుగా నిలుస్తుంది. ముందు బ్రేకును పట్టీతో బిగించి కట్టేస్తే చక్రం కదలదు. అప్పుడు కుడిచేత్తో బండి వెనక భాగం పట్టుకుని, ఎడంచేత్తో స్టాండు కొక్కాలను చక్రం పక్కనున్న బొడిపెలకు తగిలించి, పిడిని మెల్లగా కిందికి నొక్కడమే. వెనక చక్రం నేల విడిచి లేస్తుంది. ఐదు రోజులు అలాగే గడిచాయి. అక్క కిరసనాయిలు డబ్బాలో బ్రష్షుతో గొలుసులు రుద్దుతూ, వాడు బండి దించిన ప్రతిసారీ బిగబట్టిన ఊపిరి వదిలేది.

ఆరో రోజు మధ్యాహ్నం ఆఖరి బండి స్టాండు మీద ఉంది. మొగుడు లేచొచ్చి బ్రేకు పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. చెక్కముక్కను మూలకి తన్నాడు.

"అదేంటి బావా?"

"ఒక్కడివే చేస్తానన్నావుగా. పట్టీ, చెక్కా కూడా సాయమేరా."

"ఐదు రోజులూ చూస్తూ ఊరుకున్నావు కదా!"

"ముద్దొచ్చావు, ఊరుకున్నాను. ఇవాళ రావట్లేదు."

"ఏవండీ, ఇదేం న్యాయమండీ..." అంది అక్క.

"నువ్వు గొలుసు తోముకో." మొగుడు టీ గ్లాసుతో కుర్చీలో కూర్చున్నాడు. "ఇంకోటి. వాడు పిలవకపోయినా నువ్వెళ్లి చెయ్యి వేశావంటే, వాడు ఓడినట్టే. తర్వాత ఏడ్చి లాభం లేదు."

తమ్ముడి ముఖం ఎర్రబడింది. గొలుసుకి నూనె పట్టించాలంటే చక్రం తిరగాలి కాబట్టి బండిని న్యూట్రల్‌లో ఉంచాడు. దించేముందు గేరులో వేయాలి. పట్టీ కట్టిన ఐదు రోజులూ ఆ అవసరం రాలేదు. ఇప్పుడు రోషంలో తట్టలేదు. అక్కకీ తట్టలేదు.

పిడి పైకెత్తాడు. వెనక చక్రం నేలకి ఆనింది. నీళ్లు పోవడానికి వాలుగా చేసిన గచ్చు మీద బండి జానెడు ముందుకి జారింది. సైడ్ స్టాండు వెనక్కి మడుచుకుపోయింది. రెండువందల కిలోల బండి వాడి మీదికి ఒరిగింది.

వాడు తొడ అడ్డం పెట్టి ఆపాడు. వెనక్కి తప్పుకుందామంటే మడమకి స్టాండు చట్రం అడ్డు.

"అబ్బ, ఏం కౌగిలించుకున్నావురా! రేపు పెళ్లాన్నైనా అలా పట్టుకుంటావో లేదో." మొగుడు టీ ఊదుకున్నాడు. "నోట్లోంచి ముత్యాలేం రాలవు. 'బావా' అను, చాలు."

తమ్ముడి మెడ నరాలు ఉబ్బాయి. అక్క లేచి నిలబడింది. వేళ్ల చివర్లనుంచి కిరసనాయిలు కారుతోంది. మధ్యలో నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ వేస్తే షెడ్డు లేదు. వాడు కూడా తనలాగే ఈ మనిషి ఎత్తిపొడుపులు పడుతూ ముసలాడైపోతాడు. ఇంకొంచెం ఓర్చుకుంటే నిలబెట్టేస్తాడు. ఐదు రోజులు నిలబెట్టలేదూ?

"అక్కా."

గాలిలాంటి గొంతు. అది కుర్చీ దాకా పోలేదు. అక్కకి చేరింది. వాడి కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

అక్క కిందికి వంగి, డబ్బాలో పడిన బ్రష్షు కోసం వెతకసాగింది.

బండి పడింది. ఆ తర్వాత కేక.

మొగుడు వచ్చి బండి లేపాడు. ముందు ట్యాంకు తడిమాడు. "సొట్ట పడలేదు." తర్వాత తమ్ముడి పాదం వైపు చూశాడు. అది ఉండాల్సిన వైపు తిరిగి లేదు.

"మొండి వెధవ, చచ్చినా నోరు విప్పలేదే! ఏమే, నీకేమైనా వినబడిందా? పిలిచాడా?"

"లేదు," అంది అక్క.

"సరే, మాటంటే మాటే." తాళాలు తీసి వాడి గుండెల మీద పడేశాడు. "కుంటుకుంటూ వెళ్లి తెరుచుకో."

అక్క గచ్చు మీద కూలబడి తమ్ముడి తల ఒళ్లోకి తీసుకోబోయింది. వాడు మోచేతుల మీద పాకి దూరం జరిగాడు.

"నీకోసమేరా... నీకోసమే..."

వాడు ఆమెకేసి చూడలేదు. నొప్పికి పళ్లు కరుచుకుని, కుర్చీలోకి తిరిగి వెళ్తున్న మనిషి వైపు చెయ్యి చాచాడు.

"బావా," అన్నాడు. "నన్ను లేవదియ్యి బావా. నువ్వే రా."

మొగుడు గ్లాసులో మిగిలిన టీ తాగేదాకా వాడి చెయ్యి అలా చాచే ఉంది.