ముప్ఫై అంగుళాల బేస్

ఆ ఇంటాయన పొద్దున లేచి మొహం కూడా కడుక్కోకుండా ముందు టేపు తీస్తాడు. వంటింటి గోడకు తగిలించిన బేస్ గిటార్‌ను కొలుస్తాడు. పైన తీగలు ఆనే గాటు దగ్గర్నుంచి కింద అవి కూర్చునే బ్రిడ్జి దాకా. ముప్ఫై నాలుగు అంగుళాలుంటే ధైర్యంగా టీ అడుగుతాడు. ముప్ఫై అయిదుంటే తనే పెట్టి భార్యకో కప్పు ఇస్తాడు. ముప్ఫై ఆరున్నర అయిన రోజున టీ మాట దేవుడెరుగు, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయనకు వాయించడం రాదు పాపం. పెళ్లయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి చేసిచ్చింది. బేస్ గిటార్లు చేయడమే ఆవిడ వృత్తి. ఊరంతా మేస్త్రమ్మ అంటుంది. ఆవిడ ఎవరికి చేసిన బేస్ వాళ్ల మీద ఆవిడకున్న కోపాన్ని బట్టి సాగుతుంది, కోపం పోతే మళ్లీ మామూలు కొలతకొస్తుంది. మెట్లూ తీగలూ అన్నీ దానితో పాటే సాగుతాయి, ఎదిగే పిల్లల కాళ్లూ చేతుల్లాగా. అందుకని ఆవిడ దగ్గర బేస్ చేయించుకున్నవాళ్లు ఆవిడతో మర్యాదగా ఉంటారు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

కొత్తగా ఎవరొచ్చినా మేస్త్రమ్మ ముందు ఎడమ చెయ్యి చాపమంటుంది. చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా ఎంత విచ్చుకుంటుందో చూసి తీగ పొడవు తేలుస్తుంది. పొట్టి తీగ మెత్తగా ఉంటుంది, మెట్లు దగ్గర దగ్గరగా ఉండి వేళ్లకు సుఖం, గొంతు గుండ్రంగా నిండుగా పలుకుతుంది. కాకపోతే అట్టడుగు స్వరం కాస్త మొద్దుబారుతుంది. పొడుగు తీగకు బిగువెక్కువ. అడుగు స్వరం కూడా గంట కొట్టినట్టు వినిపిస్తుంది కానీ, మెట్ల మధ్య దూరానికి వేళ్లు ఈడ్చి ఈడ్చి చాపాలి. రెండింట్లో ఏది గొప్పని అడిగితే మేస్త్రమ్మకు ఒళ్లు మండుతుంది. చెప్పుల కొట్టుకెళ్లి ఏ సైజు గొప్పదని అడుగుతారా అంటుంది.

ఆవిడ చెల్లెలివి చిట్టి చేతులు. వాటి కోసమే ముప్ఫై అంగుళాల బేస్ చేసిచ్చింది. ఊళ్లో ఆ కొలతది అదొక్కటే. దాంతో చెల్లెలు ఒక బ్యాండ్‌లో చేరింది, రికార్డు మొత్తానికీ వాయించింది. ఆ రికార్డు ఇంటింటా మోగింది. తీరా చూస్తే అట్ట మీద బేస్ అన్న చోట లీడరు పేరుంది. ఫోటోలో చెల్లెలి బేసే మెళ్లో వేసుకుని పళ్లికిలిస్తూ నిలబడ్డాడు. ఇదేమిటని అడగబోయిన పిల్లతో, "నీది ఆటబొమ్మ. స్టేజీకి పెద్ద బేస్ కావాలి, నీ చెయ్యి అందదు" అని చెప్పి పంపేశాడు. ఆ పిల్ల నోరు మెదపకుండా వచ్చేసి బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంది. బేస్ మంచం కిందికి పోయింది. మళ్లీ వాయించవే అని అక్క ఎన్నిసార్లన్నా తీరిక లేదక్కా అనేది.

రెండేళ్లు మేస్త్రమ్మ కడుపులో నిప్పులు పోసుకుని తిరిగింది. ఏం లాభం? లీడరుకు ఆవిడ ఎన్నడూ బేస్ చేయలేదు. ఇంత కోపం పెట్టుకుని, సాగడానికి వాడి దగ్గర తన చేతి వస్తువే లేకపాయె.

వాడు తనంతట తానే వచ్చాడు. పెద్ద హాల్లో మూడు సాయంత్రాలు కచేరీలట, ముప్ఫై అయిదు అంగుళాల బేస్ కావాలట. చెయ్యి చాపమంటే జేబులోంచి తీయలేదు. కోపంతో సాగిన అంగుళానికున్న బిగువు రంపంతో కోసినదానికి రాదని ఎవరో చెప్పారు వాడికి.

"ముప్ఫై నాలుక్కి చేసివ్వండి అక్కా. మిగతా అంగుళం మీ కోపమే చూసుకుంటుంది. నా మీద ఎలాగూ ఉందిగా."

ఎంత పొగరో చూడండి. బేస్ తయారయ్యాక రోజూ వచ్చి చెల్లెలి మీద ఓ మాట తూలడం, టేపు పెట్టి చూసుకోవడం. ముప్ఫై అయిదు పడగానే రెండు చేతులూ జోడించి, ఇక ఇంతకు మించి కోప్పడకండి అని నవ్వి పట్టుకుపోయాడు. మేస్త్రమ్మ కూడా నవ్వింది. వాడికి చూపించింది కోపంలో కొస మాత్రమే. మిగతాదంతా ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి ఉంచింది.

మొదటి కచేరీకి ముందు వరసలో కూర్చుంది. రికార్డులో అందరికీ నచ్చిన పాట బేస్ ఒక్కదానితోనే మొదలవుతుంది. వాడు కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. మేస్త్రమ్మ రెండేళ్ల కోపాన్నీ వదిలేసింది.

ముప్ఫై ఆరు. మోత గుండెలో కొట్టింది, జనం ఈలలేశారు. ముప్ఫై ఎనిమిది. అంత కమ్మటి అడుగు స్వరం ఆ హాల్లో ఎవరూ విని ఉండరు. నలభై. అప్పటికి వాడి చిటికెన వేలు మెట్టు తప్పింది, తర్వాత ఉంగరం వేలు, తర్వాత చెయ్యే చాలలేదు. బేస్ మెడ సాగి సాగి డ్రమ్స్ అబ్బాయి ఇత్తడి తాళాన్ని తోసి పడేసింది. మొదటి మెట్టు కోసం వాడు ఒరిగిపోయి, ఒంటికాలి మీద తూలుతుంటే పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మేస్త్రమ్మ తాపీగా అడిగింది.

"చెయ్యి అందట్లేదా బాబూ?"

హాలంతా విరగబడి నవ్వింది. ఆ రాత్రి ఆవిడ కమ్మగా నిద్రపోయింది.

తెల్లారి డ్రమ్స్ అబ్బాయి వచ్చాడు. లీడర్ని తీసేశామన్నాడు. మిగిలిన రెండు కచేరీలకు రికార్డులో నిజంగా వాయించినావిడే కావాలి, పేరు పెద్దక్షరాల్లో వేస్తామన్నాడు. మేస్త్రమ్మ చెప్పులైనా వేసుకోకుండా అతన్ని వెంటబెట్టుకుని చెల్లెలి గదికి పరుగెత్తింది.

చెల్లెలు అంతా విని, మంచం కిందికి వంగి పెట్టె లాగింది. బేస్ మెడ పెట్టె చివర పొడుచుకుని బయటికొచ్చి ఉంది. చెల్లెలే కొలిచి చూపించింది. ముప్ఫై ఏడు.

"నేను కావాలని మానెయ్యలేదక్కా. అందక మానేశాను," అంది. "నేను వచ్చేసిన రోజునుంచీ సాగుతూనే ఉంది. ఎందుకని అడగడానికి భయమేసింది."

"నీ మీద నాకు కోపమేంటే, పిచ్చిదానా?"

ఆ మాట పూర్తి కాకుండానే తీగలు కిర్రుమన్నాయి. ముగ్గురి కళ్ల ముందే మరో అర అంగుళం సాగింది.

మేస్త్రమ్మ గోడకానుకుని కూర్చుండిపోయింది. అప్పుడు బయటికొచ్చింది అసలు మాట.

"ఎందుకే నోరు మూసుకుని వచ్చేశావు? వాడి చెంప పగలగొట్టి రావద్దూ? నేను రాత్రీ పగలూ రగిలిపోతుంటే నువ్వు టికెట్లు చించుకుంటూ కూర్చున్నావు."

చెప్పేస్తే తగ్గుతుందనుకుంది. తగ్గమని మనసులో బతిమాలుకుంది కూడా. కోపం బతిమాలితే తగ్గేదా? బేస్ అంగుళంలో పిసరు కదల్లేదు.

సాయంత్రానికి ఏమైనా తగ్గుతుందా అని డ్రమ్స్ అబ్బాయి మొహమాటంగా అడిగాడు. చెప్పలేనంది మేస్త్రమ్మ. అతను కాసేపు గుమ్మంలో తచ్చాడి, ఇంకెవరినైనా చూసుకుంటామని వెళ్లిపోయాడు. చెల్లెలు పెట్టెను మళ్లీ మంచం కిందికి తోసి, జుట్టు దువ్వుకుని, బస్టాండుకు వేళవుతోందని బయల్దేరింది. అక్కకేసి చూడలేదు.

మేస్త్రమ్మ ఎప్పుడూ తన కోసమంటూ ఒక బేస్ చేసుకోలేదు. అందుకని ఆ రోజు తన మీద తనకొచ్చిన కోపం ఎన్ని అంగుళాలో ఎవరికీ తెలియలేదు.