కొత్త రంగు గుంజ

"గోడ వెనక గదులున్నాయా!" అని ఫోన్లో నోరీన్ కేక పెట్టింది. "చెదలమ్మా, చెదలు!" అని నేను ఇంకా పెద్ద కేక పెట్టాను. పక్కింటాయన గడ్డి కోసే యంత్రం మా కేకలు రెండింటినీ కోసి పారేసింది. ఫోన్ కట్టయింది.

ఇరవై రెండేళ్లుగా ఇప్స్‌విచ్‌లో నాది ఇదే పని. కొనేవాళ్ల తరఫున ఇల్లు తట్టి చూసి, చెద పట్టిందో లేదో చెప్పాలి. నేను కొట్టి చూసేవాణ్ణి, చూసీచూడనట్టు పోయేవాణ్ణి కాను. నోరీన్ ఆసుపత్రి వంటింట్లో ముప్పై ఏళ్లు కష్టపడి దాచిందంతా ఈ చెక్క ఇంటి మీద పెడుతోంది. ఈ సాయంత్రం ఐదులోపు వద్దనకపోతే బేరం ఖాయం.

అమ్మే క్లైవ్ పడగ్గది గోడకి బీరువా ఆనించి, పైన కప్పుదాకా పెట్టెలు పేర్చాడు. ఇంటివాళ్ల సామాను మేం ముట్టుకోకూడదు. కాస్త జరపమన్నాను.

"నడుం నొప్పి మేట్. చూడ్డానికి వీల్లేదని రిపోర్టులో రాసెయ్. అందరూ అదేగా రాసేది!"

నిజమే, అందరూ అదే రాస్తారు. నా ఒళ్లు మండింది కూడా అందుకే.

ఇంటి కిందకి దూరాను. ఇల్లు గుంజల మీదుంది, ప్రతి గుంజ నెత్తినా రేకు టోపీ ఉంది. పైకెక్కాలంటే చెదలు ఆ టోపీ చుట్టూ బయటినుంచే మట్టి దారి కట్టాలి, నా కంట పడాలి. గుంజలన్నీ పాత నలుపే. సరిగ్గా బీరువా కిందున్న ఒక్కదానికే నిగనిగలాడే కొత్త నలుపు! గీకితే మట్టి చార బయటపడింది. పైదూలాన్ని తడితే డొల్ల. నోరీన్‌కి ఫోన్ చేసింది అప్పుడే.

నేను పాక్కుంటూ బయటికొచ్చేసరికి ఆమె కొలత టేపుతో సహా దిగిపోయింది.

"క్లైవ్, గోడ వెనక గదులున్నాయట కదా! ఒకటి నా కుట్టుమిషనుకి సరిపోతుందా?"

"ఉంటాయమ్మా, ఉంటాయి" అన్నాడు క్లైవ్, నవ్వుతూ.

"ఉంటాయా?" నా అరుపుకి పక్కింటి యంత్రం కూడా ఆగింది. "చెదలైనా కొంప తిని మట్టి మిగులుస్తాయి. నువ్వు ఆ మట్టీ మిగల్చకుండా రంగేశావు కదయ్యా! ఒక్క గుంజకే వేశావు, పిసినారీ! మిగతావాటికీ వేసుంటే నా కళ్లు కప్పేవాడివేమో!"

గోడ మీంచి తొంగిచూస్తున్న పక్కింటాయనకీ వినబడేలా మళ్లీ చెప్పాను: "నోరీన్, నేనన్నది గదులు కాదు. చెదలు."

నోరీన్ టేపు చుట్టేసింది. క్లైవ్‌కేసి తిరిగి, "ఆయన మాట నాకు సరిగ్గా వినబడలేదు, సరే. మరి నువ్వు ఉంటాయని ఎందుకన్నావు?" అంది. జవాబు కోసం ఆగకుండానే, బేరం వద్దని చెప్పడానికి తన లాయరుకి ఫోన్ కలిపింది.