ఆత్రానికో రేటు

మా ఆయన పళ్ళు చేస్తాడు. పీకేది డాక్టరు, పీకిన చోట పెట్టే పన్ను చేసేది మా ఆయన. పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి, వెలుతురులో తిప్పి చూసి, మళ్ళీ ఒక పొర వేస్తాడు. ఏ ఇద్దరి పళ్ళూ ఒకే తెలుపు కాదని ఆయన సిద్ధాంతం. పెళ్ళికి ముందు మొదటిసారి కలిసినప్పుడు ఆయన నా మొహం వంక కన్నార్పకుండా చూస్తుంటే లోపల ఎంత మురిసిపోయానో. చూసింది నా పైవరసలోని కోరపన్నునని తర్వాత తెలిసింది.

నోట్లో నాలుక లేని మనిషి. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా ఒకేలా తింటాడు. అలాంటి మనిషికి ఒక్కరి ప్రస్తావన వస్తే మాత్రం మాటలు పుట్టుకొస్తాయి. పాత ల్యాబులో ఆయన పక్క బల్ల దగ్గర పనిచేసిన ఆవిడ. ఆవిడకు నేను పలువరస అని పేరు పెట్టుకున్నాను. నేను ఆవిడను చూసింది ల్యాబు వాళ్ళందరూ కలిసి దిగిన ఫోటోలో. అందరూ నవ్వుతున్నారు గానీ పళ్ళు ఆవిడవే కనిపిస్తాయి. రంగు కలపడంలో ఆవిడ చెయ్యే చెయ్యి అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. నేను వండిన ఏ కూరకూ ఆ మాట రాలేదు.

ఆ పలువరస ఒక ఆదివారం ఫోన్ చేసింది. సముద్రం అవతలి ఊళ్ళో సొంతంగా ల్యాబు పెట్టిందట. మా ఆయన చేతులు తడిగా ఉండి స్పీకరు పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"నువ్వొస్తే ఇద్దరం కలిసి నడుపుదాం. అక్కడ నీచేత అచ్చులు పోయిస్తున్నారట కదా. ఇక్కడ ముందు పళ్ళన్నీ నీవే. ఒకసారి వచ్చి చూసుకో."

అచ్చుల మాట నిజమే. ఇక్కడి ల్యాబులో ఇప్పుడు పళ్ళు మెషీనే చెక్కుతోంది. మా ఆయనకు మిగిలింది సుద్ద కలిపి అచ్చులు పోయడం. అది నాకూ బాధే. కానీ అప్పుడు నా చెవిన పడింది ఆ బాధ కాదు, ఆ నువ్వు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను ఆయన్ని మీరంటాను. ఆవిడ నువ్వంటోంది, ఈయన పలుకుతున్నాడు.

వెళ్ళి చూసొస్తానన్నాడు. నచ్చితే ఆలోచిద్దామన్నాడు. మధ్యలో సముద్రం కాబట్టి విమానమే గతి, టిక్కెట్టు కాస్త తగ్గనీ అన్నాడు. పేస్టు ట్యూబును కత్తిరించి లోపల గీకి తోముకునే మనిషి. ఆయన పీనాసితనాన్ని నేను మెచ్చుకున్నది జీవితంలో ఆ ఒక్క పూటే.

తర్వాతి ఆదివారం మా తమ్ముడు భోజనానికి వచ్చాడు. వాడు ఒక విమానాల కంపెనీలో, టిక్కెట్ల రేట్లు చూసే ఆఫీసులో పని చేస్తాడు. ఇప్పుడు రేటు మనుషులు పెట్టడం లేదని, కృత్రిమ మేధ పెడుతోందని, పక్కపక్క సీట్లకు కూడా ఒకే రేటు ఉండదని గొప్పగా చెప్పాడు. ఎవరు ఏ ఊరు ఎన్నిసార్లు వెతికారు, ఏ సీటు మీద వేలు ఆపారు, అంతా చూస్తుందట. ఎవరికి ఎంత ఆత్రమో కనిపెట్టి ఆ ఆత్రానికి తగ్గ రేటు చెబుతుందట. మా ఆయన రెండోసారి పెరుగు వేసుకుంటూ, మనకెందుకులే ఆత్రం, తగ్గినప్పుడే వెళ్దాం అన్నాడు.

నాకు మాత్రం ఇంకోటి తోచింది. మనిషి మనసులో ఉన్నది కనిపెట్టే సాధనం ఒకటి లోకంలో ఉందన్నమాట. అది మా ఇంట్లోనే, చార్జింగు పెట్టి ఉందన్నమాట.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే ఫోను తీశాను. దానికి తాళం లేదు, దాచుకోవడానికి నా దగ్గరేముందని ఆయన వాదన. ముందు మా ఆడపడుచు ఊరికి చూశాను. ఆయన ఫోనులోనూ నా ఫోనులోనూ ఒకటే రేటు. తర్వాత సముద్రం అవతలి ఊరికి చూశాను. నా ఫోను కన్నా ఆయన ఫోనులో ఎక్కువ.

ఎక్కువంటే కాస్తే. ఆ కాస్త చాలు. తోడబుట్టిన చెల్లెలి ఊరికి లేని ఆత్రం ఆ ఊరికెందుకు?

ఇక రోజూ అదే పని. బాత్రూములో నీళ్ళ చప్పుడు మొదలవగానే నా వేలు ఆయన ఫోను మీద. రోజురోజుకూ రేటు పెరుగుతోంది. మంగళవారం కన్నా బుధవారం ఎక్కువ, బుధవారం కన్నా గురువారం ఎక్కువ. ఆయన గుండెలో ఏం జరుగుతోందో అంకెల్లో చదువుకుంటూ నేను పళ్ళు నూరుకుంటున్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, కాఫీ చల్లారిందా అని అడిగేవాడు. ఇంత ఆత్రం లోపల పెట్టుకుని రాత్రిళ్ళు అంత హాయిగా గురక పెట్టే మనిషిని ఏమనాలి? మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉంది. ఆయనకేమో గడ్డి కూడా కనబడటం లేదు.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాను. ఫ్రేము బిగించడం, ముక్కు మీద జారకుండా వంచడం నా పని. ఒక రోజు ఒక ముసలాయన కళ్ళజోడుకు మర బిగిస్తూ బిగిస్తూ పలువరసను తలుచుకున్నాను. అద్దం పుటుక్కుమంది. మా ఓనరు అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. సాయంత్రం నేరుగా మా తమ్ముడి ఆఫీసు క్యాంటీనుకు వెళ్ళి కూర్చున్నాను.

మీ బావ మనసు ఇక్కడ లేదురా, ఆ సంగతి మీ మెషీనే చెబుతోందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. రోజూ పెరిగిన అంకెలన్నీ నోటికి ఒప్పజెప్పాను. వాడు వింటూ వింటూ చెంచా కింద పెట్టాడు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"రోజూ చూస్తున్నాగా."

"ఏ ఫోన్లో?"

"ఆయన ఫోన్లోనే. ఆయన స్నానం చేస్తున్నప్పుడు."

వాడు క్యాంటీనంతా తిరిగి చూసేలా నవ్వాడు. ఆ నవ్వు అయ్యాక గానీ విషయం చెప్పలేదు.

"దానికి బావ మొహం తెలీదక్కా, ఫోనే తెలుసు. ఆ ఫోన్లో ఎవరు వెతికినా బావే వెతికాడనుకుంటుంది. మొదట్లో బావ తగ్గిందేమోనని ఒకట్రెండుసార్లు చూసుంటాడు. తర్వాత ఆయన అక్కడ సబ్బు రుద్దుకుంటుంటే, నీ ఆత్రమంతా ఆయన లెక్కలో వేస్తోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పు?"

జ్వరం చూసే కడ్డీని నేనే వేడి కాఫీలో ముంచి, ఆయనకు జ్వరమని ఏడ్చానన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు బస్టాపు దాకా ఉంది.

బస్టాపులో ఇంకో ఆలోచన వచ్చింది. రేటు తగ్గితే వెళ్తాననేది ఆయన మాట. రేటు పెంచే మంత్రం నా వేలికొసన ఉంది. ఇక పలువరస ఎన్ని ఫోన్లు చేస్తే నాకేం?

అప్పటిదాకా అనుమానంతో నొక్కేదాన్ని, మర్నాటి నుంచి భక్తితో నొక్కాను. ఊరికే వెతకడంతో ఆగలేదు. సీటు ఎంచుకుని, పేరు నింపి, డబ్బు కట్టే దాకా వెళ్ళి వెనక్కొచ్చేదాన్ని. మెషీను నన్ను నమ్మింది. సెలవు రోజున మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని రేటు చూసి, ఇంకా పెరిగిందే అని నిట్టూర్చేవాడు. పోనీలెండి, ప్రాప్తం లేదనుకుందాం అనేదాన్ని. అంత ఓదార్పుగా నేను ఎన్నడూ మాట్లాడలేదు.

ఒక సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన భోజనాల బల్ల దగ్గర మైనపు ముక్క ముందేసుకుని చిన్న కత్తితో పన్ను చెక్కుతున్నాడు. ఎందుకండీ ఇదంతా అన్నాను.

"చెయ్యి మొద్దుబారిపోతోందే. అచ్చులు పోసీ పోసీ, ఎలా చెక్కాలో మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

జాలేసింది. నిజంగానే వేసింది. అంతలో ఆ పన్ను ఆవిడకు చూపించడానికేనేమో అనిపించింది. జాలి కన్నా కుళ్ళు ముందు నిద్రలేచింది, ఉదయం మళ్ళీ నొక్కాను.

మైనపు పన్ను ఉప్పు డబ్బా పక్కన ఉండిపోయింది. అలా ఉండగా ఒక పూట భోజనం మధ్యలో ఆయన ఫోను కిర్రుమంది. ఎడమచేత్తో తీసి చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాడు. మీ కోసం మాత్రమే, అని ఉంది. సముద్రం అవతలి ఊరికి, మొదటి రోజు నేను చూసిన రేటులో సగం కూడా లేదు.

ఎంగిలిచేయి కడుక్కోకుండానే కొనేశాడు. చెప్పులు కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగే మనిషి. వెళ్ళడానికి మాత్రమే ఆ రేటట, తిరుగు ప్రయాణం సంగతి తర్వాత చూసుకుందామన్నాడు. ఆ మాటతో నేను కంచం వదిలేసి లేచాను.

వంటింట్లోకి వెళ్ళి మా తమ్ముడికి ఫోన్ చేశాను. అన్నిసార్లు చూసి కొనని మనిషి ఆ రేటుకు రాడని మెషీను తేల్చుకుంటుందట. చెయ్యి జారిపోకుండా అప్పుడు రేటు తగ్గించి ఎర వేస్తుందట. ముందే ఏడవచ్చుగా అన్నాను. నువ్వింకా నొక్కుతున్నావని నేను కలగన్నానా అన్నాడు. నేను తీసిన గోతిలో నేనే పడ్డానని ఇద్దరిలో ఎవరం అనలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

ఆయన్ని ఒంటరిగా పంపే ప్రశ్నే లేదు. నా ఫోను తీసి అదే విమానం, ఆయన పక్క సీటే చూశాను. ఆయన రేటుకు రెండింతలుంది. పొయ్యి తుడిచి వచ్చి చూస్తే ఇంకా పెరిగింది. పక్క దులిపి వచ్చేసరికి మళ్ళీ పెరిగింది. నేను ఆగలేనని దానికి తెలిసిపోయింది. ఈసారి అది పొరబడలేదు, ఫోనూ నాదే, వేలూ నాదే. కొత్త ఫ్రిజ్జు కోసం దాచుకున్నదంతా ఊడ్చి కట్టాను.

విమానం కదులుతుండగా, నీకెంతకు దొరికిందని ఆయన అడిగాడు. మీకెంతకు దొరికిందో అంతకే అన్నాను. చూశావా, మీ తమ్ముడు అన్నీ కోతలే కోస్తాడని నవ్వి, చొక్కా జేబు తడుముకున్నాడు. జేబులో మైనపు పన్ను ఉంది.

పలువరస ల్యాబు గుమ్మంలోనే ఎదురొచ్చింది. తలలో తెల్లవెంట్రుకలు, ముంజేతులకు పింగాణీ పొడి. నన్ను చూసి నోరారా నవ్వింది. ఆ పళ్ళు ఫోటోలో కన్నా బాగున్నాయి. అలా చూస్తున్నారేంటండీ అంది.

"మీ పళ్ళు బాగున్నాయని."

"ముందు రెండూ మీ ఆయన చేసినవే. అప్పట్లో సైకిల్ మీంచి పడ్డాన్లెండి."

ఇన్నేళ్ళుగా నేను ఏడ్చిచచ్చిన ఆ రెండు పళ్ళూ మా ఆయనవే. ఆయన పనితనం ఆవిడ నోట్లో పెట్టుకు తిరుగుతోంది. నేను ఇంకా తేరుకోకముందే ఈయన వెళ్ళి ఆవిడ మొహానికి అంత దగ్గరగా మొహం పెట్టి, కన్నార్పకుండా చూశాడు.

"ఎడమది అంచు అరిగింది," అన్నాడు. "లైటేది?"

ఆ చూపు నేనెరుగుదును. మొదటిసారి కలిసినప్పుడు నన్ను చూసిందీ అలాగే. ఆయన ఆవిడను చూడటం లేదు. నన్నూ ఎప్పుడూ చూడలేదేమో. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, కుంచె తడిపి, పొడి కలపడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన మొహంలో వచ్చిన వెలుగు నేను ఇంట్లో ఏనాడూ చూడలేదు. ఇన్నాళ్ళూ నేను తప్పు సవతి మీద ఏడ్చాను. అసలు సవతి చిటికెడు తెల్లపొడి, దాన్ని జుట్టు పట్టుకుని ఈడ్వలేను, శాపనార్థాలు పెట్టలేను.

చాలాసేపటికి ఆయన తలెత్తకుండానే అన్నాడు.

"నేను కొన్నాళ్ళుంటానే. నీకు దుకాణం ఉందిగా, టిక్కెట్టు చూసుకో."

ఫోను తీశాను. తిరుగు ప్రయాణం, నా ఒక్కదానికి. మీ కోసం మాత్రమే, అని ఉంది. అంత తక్కువ రేటు నేను ఏ ఊరికీ, ఎవరి ఫోనులోనూ చూడలేదు. ఆ ఇంటికి ఒంటరిగా వెళ్ళాలని నాకు ఇసుమంతైనా లేదని ఆ మెషీనుకు తెలుసు, కుంచె పట్టుకున్న మా ఆయనకు తెలియదు.

ఆ రేటుకు రాయి కూడా విమానం ఎక్కుతుంది. నేను ఫోను సంచిలో పడేసి, ఆయన పక్కనున్న పలువరస స్టూలు లాక్కుని కూర్చున్నాను.