కొంగలుండాయి, మెల్లగా

మా ఆయన ధనుంజయ మెల్లగా మాట్లాడటం పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. ఉప్పందించమన్నా ధర్మవరంలో మా వీధి వీధంతా వినాల్సిందే. మేమెప్పుడూ కొట్లాడుకుంటూ ఉంటామని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. మా ఇంట్లో మగ్గాలు రెండు, ఒకటి ఆయనది, ఒకటి నాది. ఆ టకటకల మీద మాట వినపడాలంటే అరవాలి. మగ్గం ఆగినా ఆయన గొంతు మాత్రం తగ్గదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క మాట మెత్తగా చెప్తే వినాలని నాకెంత ఆశో! ఆ సంగతి చెప్పాలన్నా అరిచే చెప్పాలి కదా, అందుకే చెప్పలేదు.

ఈ చలికి ఆయన మోకాళ్ళు పట్టేశాయట. ఆయన స్నేహితుడు నూరుల్లాకు హిందూపురం అవతల, వీరాపురం దగ్గర పొలం ఉంది. అక్కడ వేన్నీళ్ళ ఊట ఉందనీ, ఒకసారి కూర్చుంటే నొప్పులు పోతాయనీ చెప్పాడట. ఊళ్ళో చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు కూడా దిగాయట. సగం నేసిన చీర వదిలి రావడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

"నా మోకాళ్ళకన్నా నీకు చీరే ఎక్కువైందా?" అని ఆయన అరిచాడు. ఎదురింటి వాళ్ళు కూడా తలుపు తీసి చూశారు. ఇంకేం చేస్తాను, తెల్లారకముందే రైలెక్కాను.

పెనుకొండ దాటేటప్పుడు మంచులో కొండ కనబడింది. "అదో, కోట!" అని ఆయన అన్నాడో లేదో, నిద్రపోతున్న ఇద్దరు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

హిందూపురంలో నూరుల్లా ఆటో తెచ్చాడు. ఎక్కగానే అతని మొదటి మాట ఇదే. "అన్నా, కొంగల కాడ అరవొద్దు. గూళ్ళలో పిల్లలుండాయి. కాన్పుకొచ్చిన ఆడబిడ్డల మాదిరి చూసుకుంటారు ఆ ఊరోళ్ళు. తల్లులు బెదిరిపోతే పిల్లలు కాకుల పాలైతాయి."

ఈయన గొంతుకు కొంగలేం ఖర్మ, చింతచెట్టే బెదురుతుంది. "నోరు తెరిచినావంటే చూడు" అని దారిపొడుగునా చెప్తూనే ఉన్నాను.

ముందు పొలానికి వెళ్ళాం. తీరా చూస్తే ఊటా లేదు, పాడూ లేదు. బోరు పైపు, దాని కింద సిమెంటు తొట్టి! నాకు ఒళ్ళు మండింది. "బోరు నీళ్ళ కోసం రైలెక్కి రావాల్నా నూరుల్లా?"

"చెయ్యి పెట్టి చూడు వదినా" అని నవ్వాడు.

పెట్టాను. పాతాళం నుంచి వస్తున్న నీళ్ళు, ఆ చలిలో గోరువెచ్చగా, పైన సన్నగా పొగలు. చీరతోనే తొట్టిలో దిగాను. మోకాళ్ళ మీద ధార పడుతుంటే ప్రాణం లేచొచ్చింది. మా ఆయన మాత్రం రెండు చెంబులు పోసుకుని గట్టెక్కాడు. నేను లేవబోతే, "కూర్చోవే, ఇంకొంచేపు కూర్చో!" అని అరిచాడు. నొప్పి ఆయనదైతే నానబెట్టేది నన్నా! విడ్డూరం కాకపోతే ఏంటి?

నూరుల్లా భార్య షంషాద్‌బీ పంపిన ఉగ్గాని, బజ్జీ తిని, ఎండెక్కాక ఊళ్ళోకి నడిచాం. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని దొంగలాగా నడుస్తున్నాడు. చింతచెట్ల నిండా తెల్లటి కొంగలు, పసుపు ముక్కులు, తోక దగ్గర గులాబీ రంగు. ఒక గూట్లో తల్లి రెక్క చాపి, ఎండ తగలకుండా పిల్లలకు నీడ పడుతోంది.

"అయ్యయ్యో! చూడవయ్యా, గొడుగు పట్టినట్ల నిలబడుకోనుండాది!"

ఆ కేక ఎవరిదో కాదు, నాదే. ఆయన గొంతు మీదే కన్నేసి నా గొంతు సంగతే మరిచాను. ఆ తల్లి కొంగ లేచి ఎగిరిపోయింది.

చెట్టు కింది ఇంటి అరుగు మీంచి యల్లక్క అనే ముసలామె చరచరా వచ్చింది. "మగ్గమోళ్ళేనా మీరు? గొంతే చెప్తాండాది. బాలింతలుండే ఇంట్లో ఇట్లే అరుస్తావా తల్లీ?"

తల కొట్టేసినట్లయింది. గూట్లో పిల్లలు నీడ లేక ఎండలో మెడలు చాపి చూస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరం ఆకాశం వైపే చూస్తూ ఉన్నాం. చాలాసేపటికి తల్లి తిరిగొచ్చి గూట్లో వాలి, మళ్ళీ రెక్క చాపింది.

అప్పుడు ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "వచ్చేసిందిలే, ఏడవాకు. మోకాళ్ళు తేలికైనాయా?"

ఊపిరి కన్నా కొంచెం పెద్ద గొంతు. అది ఆయనదేనని నమ్మడానికే నాకు కాసేపు పట్టింది. "నావెందుకు? నొప్పి నీది కదా?" అన్నాను, నేనూ అంతే మెల్లగా.

"నాకేం నొప్పి? రేత్రిళ్ళు మోకాళ్ళు పట్టుకోని మూలిగేది నువ్వు. నీ కోసరమని చెప్తే మగ్గం దిగుతావా?"

తల వంచుకుని మోకాళ్ళు నిమురుకున్నాను. కళ్ళు మళ్ళీ నిండాయి.

"వినపడలేదా?" అని ఆయన మామూలుగా నోరు పెద్దగా తెరవబోయాడు. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను.

"వినపడిందిలే. ఇందాకటి మాదిరే ఇంకోసారి చెప్పు."

చెప్పాడు.