గోడ కావాలని అడిగాను

అయినా ఈ కమిటీల వాళ్లిచ్చే సోడా ఎప్పుడూ చల్లగా ఉండదెందుకో, పార్లమెంటు నుంచి మా నకురు ఊరి దాకా అంతంత పెద్ద కార్లు వేసుకొచ్చినవాళ్లకి ఒక్క ఐసు దిమ్మ దొరకదా, బహుశా చల్లగా ఉంటే జనం గటగటా తాగేసి ఇంటికి పోతారని భయమేమో, వెచ్చటి సోడా అయితే మర్యాద కోసం చేత్తో పట్టుకుని కూర్చుంటారు, ఇదిగో నేను కూర్చున్నట్టే, చేతిలో సోడా, ఒళ్లో రొట్టె, ప్రజాభిప్రాయం చెప్పడానికొచ్చిన ప్రతి మనిషికీ ఇవే ఇస్తారు, బిల్లు మంచిదన్నా అదే రొట్టె, చెడ్డదన్నా అదే రొట్టె, ఆ విషయంలో మాత్రం ప్రభుత్వానికి పక్షపాతం లేదు, పాస్టరు గారు ప్రార్థన కూడా చేసేశారు, పోలీసు సంస్కరణల బిల్లు అన్న పేరు ఆయన నోరు తిరగక రెండుసార్లు తడబడ్డారు, దేవుడికి ఏ బిల్లో అర్థమయిందో లేదో, వెనకటికోసారి సంస్కరించినప్పుడు పోలీసు పేరులో బలగం అన్న మాట తీసేసి సేవ అని పెట్టారు, ఆ తర్వాత యూనిఫాం నీలం చేశారు, మా ఆయన కొత్త చొక్కా మొదటి ఉతుక్కే రంగు వదిలి మా పాప మ్షాయ్ బడి గౌనుకి అంటుకుంది, సంస్కరణ ఫలితాలు మా ఇంటికి అందడమంటే అదే, అదిగో ఆ చొక్కాలోనే హాలు తలుపు దగ్గర నిలబడ్డాడు మనిషి, లాఠీ పట్టుకుని, పోలీసుల మీద ఎవరు కన్నేసి ఉంచాలో తేల్చడానికి సభ, ఆ సభ మీద కన్నేసి ఉంచడానికి పోలీసులు, కాలేజీలో నాకు రాజనీతి చెప్పిన మేష్టారు ఇది చూస్తే పరీక్షలో ప్రశ్నగా ఇచ్చేవాడు, మా ఆయన నన్ను చూడనట్టే చూస్తున్నాడు, పొద్దున టీ తాగుతూ అన్నాడు కదా, వెళ్తే వెళ్లు, ఇళ్ల సంగతి మాట్లాడు, అందరూ మెచ్చుకుంటారు, ఇంకే సంగతీ ఎత్తకు అని, ఇంకే సంగతని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు, పదకొండేళ్ల కాపురంలో నేర్చుకున్న విద్య అది.

ఇంతలో నా పక్క కుర్చీలో వెకులో వాళ్లమ్మ వచ్చి కూర్చుంది, పోలీసు లైన్ల గేటు బయట ఆకుకూరలమ్మే మనిషి, ఇవాళ చర్చికి కట్టుకునే గుడ్డ కట్టుకుంది, ఏం మ్షాయ్ వాళ్లమ్మా, నువ్వూ మాట్లాడతావా అంది, ఏదో నాలుగు ముక్కలత్తా అన్నాను, నాకైతే రెండు నిమిషాలిచ్చారమ్మాయ్, వాణ్ణి కనడానికి రెండు రోజులు పట్టింది, చెప్పడానికి రెండు నిమిషాలు చాలట అంది, నవ్వుతూనే అంది, నేను సోడా సీసా వైపు చూస్తూ కూర్చున్నాను, వెకులో బస్టాండు దగ్గర ఉడికించిన గుడ్లు అమ్మేవాడు, గుడ్డు మధ్యకి చీల్చి టమాటా ఉల్లిపాయ ముక్కలు కూరి ఇచ్చేవాడు, మ్షాయ్‌కి మిరపకాయ తీసేసి ఇచ్చేవాడు, జూన్‌లో తోపుడుబండ్ల వ్యాపారులందర్నీ పట్టుకెళ్లిన రోజున వాణ్ణీ పట్టుకెళ్లారు, మర్నాడు శవాన్ని ఇచ్చారు, లాకప్పులో తల గోడకేసి వాడే కొట్టుకున్నాడని చెప్పారు, పోలీసుల మీద ఫిర్యాదులు చూసే పర్యవేక్షణ సంస్థ నుంచి ఒకాయన వచ్చి లైన్లలో ఇల్లిల్లూ తిరిగాడు, మీకేమైనా తెలుసా అని అడిగాడు, మా గుమ్మంలోనూ అడిగాడు, పొయ్యి మీద మొక్కజొన్న ఉగాలీ ముద్ద మాడిపోతోందని చెప్పి లోపలికి వచ్చేశాను, పొయ్యి అసలు వెలిగించనేలేదు.

ఇల్లంటే ఇల్లా అది, ఒకే గది, రెండు కాపురాలు, మధ్యలో తాడు మీద దుప్పటి, ఇటు మేం, అటు కానిస్టేబుల్ కిబోర్, వాళ్లావిడ జెరోటిచ్, దుప్పటి కింద నుంచి ఉప్పు అటు వెళ్తుంది, చక్కెర ఇటు వస్తుంది, మ్షాయ్‌కి మలేరియా వచ్చినప్పుడు జెరోటిచే వీపున కట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది, లైన్లలో మాకొక మర్యాద ఉంది, ఒకవైపు మొగుడూ పెళ్లాలు కీచులాడుకుంటుంటే రెండోవైపు వాళ్లు రేడియో గొంతు పెంచాలి, వినలేదని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు, శవాన్నిచ్చిన రోజు మధ్యాహ్నం కిబోర్ తిండికొచ్చి చెయ్యి కడుక్కుంటూ పెళ్లాంతో అన్నాడు, ఆ గుడ్ల కుర్రాడున్నాడే, రెండు దెబ్బలు గట్టిగా వేశాను, లేవలేదు, జెరోటిచ్ పళ్లెం కింద పెట్టిన చప్పుడు వినిపించింది, మంచం మీద కునుకు తీస్తున్న మా ఆయన గురక ఆగిపోయింది, ఆయన నా వైపు చూశాడు, నేను లేచి రేడియో పెంచాను, వాతావరణ సూచన వస్తోంది, సాయంత్రం జల్లులు పడవచ్చట, అన్నీ విన్నాక పెంచాను, అదీ మర్యాదే.

చెప్తే ఏమవుతుందో తెలియనిది కాదు, ఆయన్ని ఉత్తరాన ఎడారి సరిహద్దుకి బదిలీ చేస్తారు, మమ్మల్ని గదిలోంచి పంపేస్తారు, జెరోటిచ్ కడుపుతో ఉంది, అయినా ఈ బిల్లులో పద్నాలుగో నిబంధన ఉందట, సాక్ష్యం చెప్పిన పోలీసు కుటుంబానికి రక్షణ అని, దాన్ని పట్టుకుని లేచి నిలబడి చెప్పేయాలని ఇంటి నుంచి బయల్దేరాను, నిజంగానే అనుకున్నాను, వాక్యం కూడా తయారు చేసుకున్నాను, అయ్యా, నేను చెవులారా విన్నాను అని మొదలవుతుంది, ఇంతలో ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి పద్నాలుగో నిబంధన గురించి అడిగాడు, కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని, దానికి డబ్బు కేటాయించడం కుదరక ప్రస్తుతానికి తీసేశాం, స్ఫూర్తి మాత్రం అలాగే ఉంది అన్నాడు, స్ఫూర్తి కింద తలదాచుకోవచ్చన్నమాట ముగ్గురం.

వెకులో వాళ్లమ్మ పేరు పిలిచారు, లేచింది, గుడ్డ సర్దుకుంది, మా వాడు తన కాళ్ల మీద నడిచి స్టేషన్లోకి వెళ్లాడయ్యా అని మొదలుపెట్టింది, అమ్మా, మీరు ఏ నిబంధన మీద మాట్లాడుతున్నారు అన్నాడు అధ్యక్షుడు, చాలా మర్యాదగానే, నా కొడుకు ఏ నిబంధన కింద చచ్చిపోయాడో దాని మీదేనయ్యా అంది, హాల్లో ఎవరో దగ్గారు, విడి కేసులకి వేరే చోటుందమ్మా, ఇక్కడ బిల్లు వరకే అన్నాడాయన, చోటు చూసొచ్చానయ్యా, మూడుసార్లు వెళ్లాను, సాక్షులు లేరన్నారు అంది, గంట కొట్టారు, రెండు నిమిషాలయిపోయాయి, వచ్చి కూర్చుని రొట్టె పొట్లం విప్పింది, తర్వాత నా పేరు పిలిచారు.

లేచాను, తలుపు దగ్గర మా ఆయన లాఠీ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు, అయ్యా అన్నాను, నేను అనే మాటా అన్నాను, ఆ తర్వాత చెవులారా అన్న మాట రావాలి, గొంతు దాకా వచ్చింది, అక్కడినుంచి ఎటు పోయిందో పోయింది, నేను పోలీసు భార్యనండీ, ఒకే గదిలో రెండు కుటుంబాలం దుప్పటి అడ్డం కట్టుకుని బతుకుతున్నాం, వాళ్ల మాట మాకూ మా మాట వాళ్లకీ వినిపిస్తుంది, ఈ బిల్లులో మాకు గోడ రాయించండి, ఇటుకలది కాకపోతే రేకుదైనా ఫరవాలేదు అన్నాను, హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది, అధ్యక్షుడు కూడా నవ్వుతూ రాసుకున్నాడు, ఇదీ నిర్మాణాత్మకమైన సూచన అన్నాడు, గంట కొట్టక ముందే ముగించినందుకు మెచ్చుకున్నాడు కూడా, తలుపు దగ్గర మనిషి భుజాలు కిందికి దిగాయి, నేను కూర్చున్నాను.

బాగా అడిగావమ్మాయ్ అంది వెకులో వాళ్లమ్మ రొట్టె నములుతూ, గోడుంటే మంచిదే, ఈసారి ఎవరి బిడ్డ సంగతి మాట్లాడుకున్నా నీకు వినపడదు, అంది, కూర ధర చెప్పినట్టు అంది, ఏంటత్తా అన్నాను, ఏం లేదులే, వాడు పోయిన దగ్గర్నుంచీ జెరోటిచ్ నా దగ్గర కూర కొనడం మానేసింది, నువ్వేమో ముగ్గురు మనుషులకి రోజూ నాలుగు కట్టలు కొంటున్నావు, అంత కూర ఎవరు తింటారు, మీ ఇద్దరి మధ్యా దుప్పటేగా అని నేనే అనుకున్నాను, అని తన రొట్టెలో సగం విరిచి కాగితంలో చుట్టి, మ్షాయ్‌కివ్వు అని నా ఒళ్లో పెట్టింది, వేదిక మీద ఎవరో పర్యవేక్షకుల సంఖ్య ఐదుండాలా ఏడుండాలా అని వాదిస్తున్నారు, నేను ఆవిడ మొహంలో కోపం కోసం వెతికాను, కోపం దొరికితే పట్టుకుని ఏడవచ్చు, క్షమించమనవచ్చు, ఇప్పటికైనా మళ్లీ లేవవచ్చు, దొరకలేదు, ఆవిడ ఒడిలోని రొట్టెపొడి దులుపుకుని, గేటు దగ్గర కూర వాడిపోతుందని లేచింది, అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకి నా మీద కోపం లేదు, వేదిక మీది వాళ్ల నుంచి ఎంత ఆశించి వచ్చిందో నా నుంచీ అంతే ఆశించింది.