జంపక్క ఏడ నిలబడి చూసింది

పినపాక దాటి అడవిల పడ్డంక పదకొండు కిలోమీటర్లు పోతే రేగులగూడెం. ఆ గూడేనికి రోడ్డు రాలేదు. కరెంటు వచ్చీ రానట్టు వచ్చింది. పోడు పట్టా ఒక్కరికి గూడ రాలేదు. ఆకాశంల ఏదో కనపడ్డదంటే మాత్రం నాలుగో రోజుకే మూడు జీపులు వచ్చినయ్.

కనపడ్డది నిజమే. పొద్దు వాలే యాళ్ల గుట్ట మీద తెల్లగ మెరుసుకుంట, బోర్లించిన చెంబు లెక్క ఒకటి నిలబడ్డది. చప్పుడు లేదు. చుట్ట కాల్చినంత సేపుండి పక్కకు జారి మాయమైంది. మూడు ఊర్లోళ్లు చూసిన్రు. ఎవరో ఫోన్ల తీస్తే జిల్లా అంత తిరిగింది. అందరికంటె దగ్గర నుంచి చూసింది జంపక్క. గుట్ట కిందనే ఆమె చేను, రెండున్నర ఎకరాలు.

ఆమె మొగడు సీతయ్య ఇరవై రెండేండ్ల కింద అడవి కొట్టి చేసిన పోడు అది. ఆయన పోయిండు, చేను మిగిలింది. పట్టా కోసం జంపక్క నాలుగుసార్లు దరఖాస్తు పెట్టింది. నాలుగుసార్లూ ఒకటే అడిగిన్రు. "నువ్వు ఆడ సేద్యం చేస్తున్నట్టు సర్కారు కాయితం ఉందా?" కాయితం ఇయ్యాల్సినోడే కాయితం తెమ్మంటె ఎక్కడ తెస్తది?

ఆ దరఖాస్తులన్నీ రాసిచ్చింది పినపాకల జిరాక్సు షాపు పెట్టుకున్న జస్టిన్. మంచోడు. జీపులు వచ్చిన పొద్దున బండేసుకొని వచ్చిండు.

"పెద్దమ్మా, వీళ్లు ఢిల్లీ నుంచి వచ్చిన్రు. నువ్వు చెప్పింది రాసి మొహరు కొడతరు. నా చేనుల నిలబడి చూసిన అని చెప్పు. గదే నీకు సర్కారు కాయితం."

కోడలు వనజ ఊకోలేదు. "అత్తా, ఇంటి ముంగట నుంచి చూసినమని చెప్పాలె అని ఊరంత అనుకున్నం. వాళ్ల ఎంట ఫారెస్టు బీట్ ఆఫీసర్ రాంబాబు ఉన్నడు, కండ్లు కనపడ్తలేవా?"

"రాంబాబు రోజు వస్తడు. ఢిల్లీ సారు రోజు వస్తడా?"

"ఇంటి ముంగట అంటే నీ నోరు పోతదా?"

"ఇంటికి అడుగుతున్ననా పట్టా?"

కళ్లద్దాల సారు ఒకాయన జంపక్కకు కుర్చీ ఏయించిండు. యాభై ఏండ్లల సర్కారు మనిషి ముంగట ఆమె కూసున్నది గదే మొదలు.

"అమ్మా, సరిగ్గా ఎక్కడ నిలబడి చూశావు?"

"నా చేనుల సారు. రాండ్రి, చూపిస్తా."

తీసుకపోయింది. ముందు తను, ఎనక సర్కారు. కంది ఇంకా పూతకు రాలేదు. తను నిలబడ్డ జాగల సారు ఒక మిషను పెట్టి అంకెలు రాసుకున్నడు. చెంబు ఏ దిక్కుకు జారిందో అడిగిండు. జంపక్క చెయ్యి చాపి చూపించింది. అంతటితో ఆగితే బాగుండు. నాలుగు దరఖాస్తులు పెట్టిన మనిషి, భూమి అంటే హద్దులు చెప్పాలని నేర్చుకున్నది.

"రాయి సారు. తూర్పుకు వాగు. ఉత్తరానికి గుట్ట. పడమటకు జంపయ్య చేను. దక్షిణానికి భీమ్లా చేను, దాని పక్కపొంటి ఇంకా తొమ్మిది మందివి. ఇరవై రెండేండ్ల సంది చేస్తున్నం అని రాయి."

సారుకు హద్దులు ఎందుకు? ఆయన ఆకాశం దిక్కు చూస్తున్నడు. రాంబాబు రాసుకున్నడు.

"మస్తు చెప్పినవ్ జంపక్కా. పేపర్ల పడ్తవ్ ఇగ."

"నువ్వు గూడ పడు. ఎవరొద్దన్నరు?" అని నవ్వింది. ఏలిముద్ర ఏసింది.

రెండు నెలలు ఆ కాయితం నకలు కోసం తిరిగింది. అది రహస్యం అన్నరు. జస్టిన్ సమాచార హక్కు కింద అర్జీ పెడితే, దేశ భద్రత, ఇయ్యరాదు అని జవాబు. ఆమెకు ఇయ్యరాని కాయితం ఫారెస్టోళ్లకు ఇయ్యొచ్చంట. చేను ఖాళీ చెయ్యమని ఫారెస్టోళ్లు పంపిన నోటీసుకు జతగ అందులో సగం పేజీ వచ్చింది. జిరాక్సు షాపుల నిలబడి జస్టిన్ చదివిండు. రిజర్వు అడవిల తను, ఇంకో పదకొండు మంది సాగు చేస్తున్నట్టు జంపక్క స్వయంగ ఒప్పుకున్నదని ఉంది.

"ఇరవై రెండేండ్లు అని ఉందా?"

"లేదు పెద్దమ్మా."

"సీతయ్య పేరు?"

"లేదు."

"చెంబు సంగతి?"

"అది ఏందో తేలలేదంట. మిగతాది రహస్యం."

 ఆ రోజు జస్టిన్ జిరాక్సు పైసలు తీసుకోలేదు.

కాయ ముదరకముందే జేసీబీ వచ్చింది, అడవి హద్దుకు కందకం తవ్వనీకె. ఎంట పోలీసులు. వనజ పచ్చి కాయలే దూసి కొంగుల పోసుకుంటుంది. జంపక్క మిషను ముంగట కూసున్నది. ఇద్దరు ఆడ పోలీసులు రెక్కలు పట్టి అలకగ లేపి గట్టు మీద పెట్టిన్రు. ఎవరూ తిట్టలేదు. తిడితె బాగుండని ఆమె అనుకున్నది.

కందకం ఆమె చేను దాటి పడమటకు తిరిగింది. జంపయ్య వచ్చి పక్కన నిలబడ్డడు. మరిది వరస.

"నా చేను గూడ చెప్పినవా వదినా?"

"హద్దు అని చెప్పిన."

ఆయన, జేసీబీ తన గట్టు తెంపుతుంటె చివరిదాక చూసి, చేతిల ఒట్టి కొడవలితోని ఊరి దిక్కు నడిచిండు.